బ్రెడ్‌బోర్డు మీద ఆడిన ఆట సొంత బోర్డు మీద ఎందుకు తడబడుతుంది?

చేతిలో ఇమిడే గేమ్ కన్సోల్‌ను ఇంట్లో తయారుచేసుకోవడం ఈ రోజుల్లో ఇంజనీరింగ్ విద్యార్థికి అందని పనేమీ కాదు. ఒక మైక్రోకంట్రోలర్ (ప్రాసెసర్, మెమరీ కలిసి ఉన్న చిన్న చిప్) బోర్డు, రెండంగుళాల రంగుల స్క్రీన్, ఎనిమిది బటన్లు, చిన్న స్పీకర్, ఒక లిథియం బ్యాటరీ తెచ్చుకుని, సోల్డర్ చేయకుండా వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డు మీద జంపర్ వైర్లతో కలిపితే, ఆదివారం ఉదయం మొదలుపెట్టిన పని సాయంత్రానికి పాము ఆట ఆడించే దశకు వస్తుంది. అసలు చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. ఆ వైర్ల గుంపును జేబులో పెట్టుకోలేము కనుక, అవే భాగాలను అవే కనెక్షన్లతో సొంత సర్క్యూట్ బోర్డు మీదికి మార్చి, ఫ్యాక్టరీలో చేయించి తెప్పించుకుంటాము. తీరా చూస్తే బ్రెడ్‌బోర్డు మీద చక్కగా నడిచినది ఇక్కడ తడబడుతుంది.

నా మొదటి బోర్డు అలాగే తడబడింది. ఆట నడిచింది, బటన్లు పనిచేశాయి, కానీ స్క్రీన్ వెలుతురు తగ్గించిన ప్రతిసారీ స్పీకర్‌లోంచి తుమ్మెద రొద లాంటి సన్నని శబ్దం వచ్చేది. వెలుతురు పూర్తిగా పెంచితే ఆ రొద ఆగిపోయేది. సర్క్యూట్ పటంలో స్క్రీన్ వెలుతురుకూ స్పీకర్‌కూ మధ్య ఒక్క గీత కూడా లేదు. బోర్డు గీసిన సాఫ్ట్‌వేర్ తన తనిఖీలో ఒక్క తప్పూ చూపలేదు. ఆ రొద మూలం వెతకడానికి మూడు వారాలు పట్టింది. ఏది దేనికి కలిసిందో సర్క్యూట్ పటం చెబుతుంది. వెళ్లిన కరెంటు ఏ దారిన తిరిగి వస్తుందో, ఆ దారి ఎంత పొడవో, మధ్యలో ఎవరి గుమ్మం తొక్కుతుందో చెప్పేది మాత్రం బోర్డే. ఇంట్లో కన్సోల్ తయారుచేసేవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో అధిక భాగం ఈ రెండింటి మధ్య ఉన్న తేడా నుంచే పుడతాయని నా నమ్మకం. రొద సంగతి చివర్లో చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు మిగతా భాగాలు తెలియాలి.

ముందు స్క్రీన్ లెక్క

కన్సోల్ కట్టాలనుకునేవారు సాధారణంగా ప్రాసెసర్ వేగంతో ఆలోచన మొదలుపెడతారు. నా దృష్టిలో స్క్రీన్‌తో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే ఎంత మెమరీ కావాలో, గీతల మీద ఎంత వేగం కావాలో స్క్రీనే నిర్ణయిస్తుంది.

1989లో నింటెండో విడుదల చేసిన గేమ్ బాయ్ స్క్రీన్‌లో అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు ఉండేవి, రంగు నాలుగు ఛాయలే. ప్రాసెసర్ వేగం 4.19 మెగాహెర్ట్జ్, పనికి 8 కిలోబైట్లు, బొమ్మకు మరో 8 కిలోబైట్లు మెమరీ. అంత తక్కువలో అంత పని జరగడానికి కారణం, తెర మీది బొమ్మను చుక్క చుక్కగా మెమరీలో దాచకపోవడమే. తెరను 8×8 చుక్కల పలకలుగా, అంటే వరుసకు 20 పలకల చొప్పున 18 వరుసలుగా విడగొట్టి, ఏ చోట ఏ పలక ఉందో మాత్రమే గుర్తుపెట్టుకుని, ఒక్కొక్క అడ్డగీతను అప్పటికప్పుడు తయారుచేసి తెరకు పంపేవారు. ఇంటి తయారీ కన్సోళ్లలో బాగా పేరు తెచ్చుకున్న ఆర్డుబాయ్ దీనికి భిన్నమైన దారి పట్టింది. అమెరికాకు చెందిన కెవిన్ బేట్స్ 2014లో విజిటింగ్ కార్డు సైజులో చేసి చూపించిన ఈ కన్సోల్‌లో 128×64 చుక్కల నలుపు తెలుపు ఓలెడ్ తెర ఉంటుంది. చుక్కకు ఒక బిట్ చొప్పున మొత్తం బొమ్మకు సరిగ్గా 1,024 బైట్లు చాలు. దానిలోని ఏటీమెగా32యూ4 చిప్‌కు ఉన్న ర్యామ్ రెండున్నర కిలోబైట్లే అయినా, అందులో ఒక కిలోబైటు బొమ్మకు పోయినా ఆటకు చోటు మిగులుతుంది.

రంగుల తెర దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తలకిందులవుతుంది. ఇప్పుడు చవగ్గా దొరికే ఎస్‌టీ7789 కంట్రోలర్ ఉన్న తెరలు ఎక్కువగా 240×320 చుక్కలవి, చుక్కకు రెండు బైట్లు. ఒక పూర్తి బొమ్మకు 1,53,600 బైట్లు కావాలి. 2021 జనవరిలో రాస్ప్‌బెర్రీ పై పీకో బోర్డుతో పాటు వచ్చిన ఆర్‌పీ2040 చిప్‌లో 264 కిలోబైట్ల ర్యామ్ ఉంది కనుక ఒక బొమ్మ హాయిగా పడుతుంది. ఒకటి తెరకు పంపుతూ ఉండగా రెండోదాన్ని గీసుకుందామంటే 3,07,200 బైట్లు కావాలి, అది పట్టదు.

మెమరీ తరువాత వేగం. ఆ బొమ్మను బిట్లుగా మారిస్తే 12,28,800. ఎస్‌టీ7789 డేటాషీటు ప్రకారం ఒక బిట్ రాయడానికి కనీసం 16 నానోసెకన్లు కావాలి, అంటే గడియారం 62.5 మెగాహెర్ట్జ్ దాటకూడదు. ఆర్‌పీ2040ను 125 మెగాహెర్ట్జ్ వద్ద నడిపితే తెరకు బిట్లను ఒక్కొక్కటిగా పంపే దాని ఎస్‌పీఐ గీత గరిష్ఠ వేగం కూడా అందులో సగం, సరిగ్గా 62.5. ఈ వేగంతో ఒక బొమ్మ తెరకు చేరడానికి దాదాపు 19.7 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే సెకనుకు 50 బొమ్మలు. 60 కావాలంటే ఈ దారిలో రాదు. అదే 240×240 చదరపు తెర అయితే 14.7 మిల్లీసెకన్లలో పని అయిపోతుంది, 60 దాటి కూడా కాస్త సమయం మిగులుతుంది. ఇంటి తయారీ కన్సోళ్లలో చదరపు తెరలు అంతగా కనబడడానికి అందం కన్నా ఈ లెక్కే పెద్ద కారణం.

తెర విషయంలో ఇంకొక సంగతి కొనేముందే తెలుసుకోవాలి. ఈ తెరలు పుట్టుకతో నిలువు తెరలు. తమలోని బొమ్మను నిలువు దిశలో పై నుంచి కిందికి తాజా చేసుకుంటూ ఉంటాయి. మనం కన్సోల్‌లో వాటిని అడ్డంగా తిప్పి బిగించి, సాఫ్ట్‌వేర్‌లో దిశ మార్చుకుంటాము. మెమరీలో రాసే దిశ మారుతుంది కానీ తెర తనను తాను తాజా చేసుకునే దిశ మారదు. వేగంగా పక్కకు జరిగే ఆటలో బొమ్మ మూలగా చిరిగినట్టు కనబడడానికి కారణం ఇదే. తెర తాజా చేసుకోవడం మళ్లీ పై నుంచి ఎప్పుడు మొదలవుతుందో చెప్పే టీఈ అనే పిన్ కొన్ని మాడ్యూళ్లలో బయటికి తీసి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. దాన్ని బోర్డు మీద మైక్రోకంట్రోలర్‌కు కలిపి ఉంచుకుంటే చిరుగు కనబడే చోటును నియంత్రించవచ్చు. ఆ ఒక్క గీత వదిలేస్తే తరువాత ఎంత కోడ్ రాసినా ఆ సమాచారం దొరకదు.

62.5 మెగాహెర్ట్జ్ అనే అంకె సొంత బోర్డు ఎందుకు కావాలో కూడా చెబుతుంది. జానెడు పొడవున్న జంపర్ వైర్ల మీద ఆ వేగానికి వెళితే తెర మీద రంగులు చెదిరిపోతాయి. బ్రెడ్‌బోర్డు మీద చాలామంది పది మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతారు. చిప్‌కూ తెర కనెక్టర్‌కూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల రాగి గీత, దాని కింద తెగని గ్రౌండ్ పొర (వెళ్లిన కరెంటు తిరిగి వచ్చే రాగి పొర) ఉంటే అదే సిగ్నల్ నిలకడగా వెళుతుంది.

బ్యాటరీ దగ్గర జరిగే పొరపాట్లు

బ్రెడ్‌బోర్డు దశలో అందరమూ కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులతో పని కానిస్తాము. సొంత బోర్డు మీద లిథియం పాలిమర్ బ్యాటరీ పెట్టగానే నేల మారిపోతుంది. ఈ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది, ఎక్కువ కాలం 3.7 చుట్టూ ఉంటుంది, 3 వోల్టుల దగ్గరికి వచ్చేసరికి ఖాళీ అయినట్టే లెక్క. చిప్‌కూ తెరకూ కావలసింది 3.3 వోల్టులు. మధ్యలో వోల్టేజీని తగ్గించి నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పెట్టాలి.

ఇక్కడ అలవాటు కొద్దీ చేసే పొరపాటు ఒకటి ఉంది. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో 3.3 వోల్టుల రెగ్యులేటర్ అడిగితే ఎక్కువగా చేతిలో పెట్టేది ఏఎంఎస్1117. అది తన పని చేయాలంటే లోపలికి వచ్చే వోల్టేజీ బయటికి ఇచ్చేదాని కన్నా ఒక వోల్టు పైచిలుకు ఎక్కువ ఉండాలి. 5 వోల్టుల యూఎస్‌బీ మీద ఏ ఇబ్బందీ కనబడదు కనుక బ్రెడ్‌బోర్డు మీద అంతా బాగుంటుంది. బ్యాటరీ మీద మాత్రం, నిండుగా చార్జి చేసిన రోజున కూడా దానికి కావలసిన ఎత్తు లేదు. బ్యాటరీ 3.7కి దిగేసరికి బయటికి వచ్చేది 2.7 చుట్టుపక్కలకు పడిపోతుంది. ఆట నిల్వ ఉండే ఫ్లాష్ చిప్ పనిచేయడానికి సాధారణంగా కావలసిన కనీస వోల్టేజీ అదే. ఆట ఉన్నట్టుండి ఆగిపోతుంది, తయారుచేసినవారు కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. ఏపీ2112 వంటి తక్కువ తేడాతో పనిచేసే రెగ్యులేటర్ పెడితే, వంద మిల్లీఆంపియర్ల స్థాయి వాడకంలో బ్యాటరీ 3.4 వోల్టులకు దిగేదాకా 3.3 నిలబడుతుంది. బ్యాటరీలోని శక్తిలో అత్యధిక భాగం అప్పటికే వాడుకుని ఉంటాము కనుక ఖరీదైన కన్వర్టర్ల జోలికి పోనవసరం లేదు.

చార్జింగ్ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది ఆట ఒక్కటే కాదు. చాలామంది వాడే టీపీ4056 చార్జర్ చిప్ ఎంత కరెంటు పంపాలో ఒక చిన్న రెసిస్టర్ నిర్ణయిస్తుంది. 1.2 కిలో ఓమ్‌లు పెడితే ఒక ఆంపియర్ వెళుతుంది, మార్కెట్లో దొరికే రెడీమేడ్ మాడ్యూళ్లు చాలావరకు ఆ విలువతోనే వస్తాయి. కన్సోల్‌లో పట్టే 500 మిల్లీఆంపియర్-అవర్ బ్యాటరీకి అది దాని సామర్థ్యానికి రెట్టింపు వేగం. బ్యాటరీ వేడెక్కుతుంది, ఉబ్బుతుంది. దాదాపు 5 కిలో ఓమ్‌లు పెడితే 250 మిల్లీఆంపియర్లు వెళతాయి, రెండు మూడు గంటల్లో చార్జి అవుతుంది, బ్యాటరీ కూడా నాలుగు కాలాలు బతుకుతుంది. బ్యాటరీ కొనేటప్పుడు లోపల రక్షణ సర్క్యూట్ ఉన్నదే కొనాలి. దాని కనెక్టర్‌లో ఎరుపు వైరు ఏ వైపు ఉండాలన్న దానికి అందరూ పాటించే నియమం లేదు కనుక, కొత్త బ్యాటరీ వచ్చిన ప్రతిసారీ మల్టీమీటర్‌తో చూశాకే బోర్డుకు తగిలించాలి.

చార్జి అవుతుండగా ఆట ఆడితే ఏమవుతుంది? చార్జర్ తాను పంపే కరెంటు బాగా తగ్గినప్పుడు బ్యాటరీ నిండిందని అనుకుని ఆగిపోతుంది. అదే చోటి నుంచి ఆట కూడా కరెంటు లాగుతుంటే చార్జర్‌కు ఆ తగ్గుదల ఎప్పటికీ కనబడదు. అందుకని యూఎస్‌బీ తగిలించినప్పుడు ఆటకు యూఎస్‌బీ నుంచి, తీసేసినప్పుడు బ్యాటరీ నుంచి కరెంటు వెళ్లేలా ఒక పీ-చానల్ మాస్‌ఫెట్ (గేటు, డ్రెయిన్, సోర్స్ అనే మూడు కాళ్లుండి, గేటు వోల్టేజీని బట్టి పనిచేసే స్విచ్చు), ఒక షాట్కీ డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం), ఒక రెసిస్టర్‌తో చిన్న మార్పిడి ఏర్పాటు చేస్తారు. మాస్‌ఫెట్ గేటు యూఎస్‌బీ 5 వోల్టులకు, ఒక రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు కలుస్తుంది. డ్రెయిన్ బ్యాటరీ వైపు, సోర్స్ ఆట వైపు ఉంటాయి. చాలామందికి ఇది తలకిందులుగా తోస్తుంది, ఎందుకంటే పుస్తకాల్లో పీ-చానల్ మాస్‌ఫెట్ సోర్స్‌ను కరెంటు వచ్చే వైపు పెట్టడం అలవాటు. కానీ మాస్‌ఫెట్ లోపల తొలగించలేని డయోడ్ ఒకటి డ్రెయిన్ నుంచి సోర్స్ వైపు చూస్తూ ఉంటుంది. మామూలు అలవాటు ప్రకారం బిగిస్తే, యూఎస్‌బీ తగిలించినప్పుడు షాట్కీ డయోడ్ దాటి వచ్చిన 4.7 వోల్టులు ఆ లోపలి డయోడ్ గుండా, చార్జర్ చిప్ అదుపు ఏమీ లేకుండా, నేరుగా ఖాళీ బ్యాటరీలోకి పోతాయి. బోర్డు పనిచేస్తున్నట్టే కనబడుతుంది, అదే ఇందులోని ప్రమాదం.

చిన్న భాగాలు, పెద్ద ఆలస్యాలు

యూఎస్‌బీ-సీ సాకెట్‌లో సీసీ1, సీసీ2 అని రెండు పిన్‌లు ఉంటాయి. ఒక్కొక్క దానికి విడిగా 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండ్‌కు పెడితేనే అవతలి చార్జర్ ఇక్కడ కరెంటు కావలసిన పరికరం ఉందని గుర్తించి 5 వోల్టులు ఇస్తుంది. అవి లేకపోయినా పాత తరహా వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో బోర్డు పనిచేస్తుంది. రెండు వైపులా సీ ఉన్న కేబుల్ తగిలిస్తే చలనం ఉండదు. రెండు పిన్‌లనూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టడం కూడా తప్పే. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 తొలి బోర్డుల్లో ఇదే జరిగింది. లోపల గుర్తింపు చిప్ ఉన్న కేబుళ్లు తగిలిస్తే చార్జర్ దాన్ని ఆడియో పరికరం అనుకుని కరెంటు ఇచ్చేది కాదు. తరువాతి బోర్డుల్లో దాన్ని సరిచేశారు.

ఆర్‌పీ2040కి గడియారపు లయ ఇచ్చే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ కావాలి. క్రిస్టల్ పక్కన పెట్టే రెండు కెపాసిటర్ల విలువ దగ్గర కూడా బోర్డు ప్రభావం కనబడుతుంది. 10 పికోఫారడ్ల లోడ్ కోరే క్రిస్టల్‌కు రెండు వైపులా 15 పికోఫారడ్లు పెడతారు. అవి ఒకదాని వెనుక ఒకటి ఉన్నట్టు లెక్క కనుక కలిసి ఏడున్నర అవుతాయి. మిగతా రెండున్నర, మూడు పికోఫారడ్లు బోర్డు మీది రాగి గీతల నుంచీ చిప్ పిన్‌ల నుంచీ వస్తాయి. పటంలో ఎక్కడా గీయని కెపాసిటర్ అది, అయినా లెక్కలో దానికి చోటు ఉంది. క్రిస్టల్‌ను చిప్‌కు దూరంగా పెట్టి పొడుగు గీతలతో కలిపితే ఈ కనబడని విలువ పెరిగి లెక్క తప్పుతుంది.

చిప్‌కు ఒక్కసారిగా కావలసిన కరెంటును దగ్గరే నిల్వ ఉంచడానికి ప్రతి విద్యుత్ పిన్ పక్కన పెట్టే 100 నానోఫారడ్ల కెపాసిటర్ల సంగతీ అంతే. పటంలో వాటన్నిటినీ ఒక మూల వరుసగా గీస్తారు కనుక, బోర్డు మీద కూడా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేయవచ్చని కొత్తవారు అనుకుంటారు. సన్నని రాగి గీతకు మిల్లీమీటరుకు దాదాపు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు హఠాత్తుగా మారడాన్ని అడ్డుకునే గుణం) ఉంటుంది. కెపాసిటర్ 20 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే 20 నానోహెన్రీలు. చిప్ లోపల ఒక నానోసెకనులో 50 మిల్లీఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా కావలసి వచ్చిందనుకుంటే, ఆ గీత మీదే ఒక వోల్టు పడిపోతుంది. 3.3 వోల్టుల చిప్‌కు ఆ క్షణంలో అందేది 2.3. కెపాసిటర్‌ను పిన్‌కు ఆనించినట్టు, రెండు మిల్లీమీటర్ల లోపు పెడితే పడేది పదో వంతు.

బటన్లు

బటన్ల గురించి చెప్పవలసింది తక్కువ. ప్లస్ ఆకారపు దిశల మీటను నింటెండో ఇంజనీర్ గున్‌పే యోకోయ్ 1982లో గేమ్ అండ్ వాచ్ పరికరం కోసం రూపొందించారు. మధ్యలో ఇరుసు మీద ఊగే ఆ ఆకారం వల్ల కుడి, ఎడమ ఒకేసారి నొక్కుకుపోవు. రబ్బరు పొర కింద నల్లని కార్బన్ బిళ్ల, దాని కింద బోర్డు మీదే దువ్వెన పళ్లలా ఒకదానిలో ఒకటి దూరిన రెండు రాగి నమూనాలు, ఇంతే బటన్. ఆ రాగి మీద మామూలు సీసం-తగరం పూత కన్నా బంగారు పూత చేయించుకోవడం మంచిది. పూత సమతలంగా ఉంటుంది, తుప్పు పట్టదు. పిన్‌లు ఆదా చేయడానికి బటన్లను అడ్డం నిలువు వరుసల్లో కలిపే పద్ధతి కీబోర్డులకు బాగుంటుంది కానీ, డయోడ్లు లేకుండా చేస్తే మూడు బటన్లు ఒకేసారి నొక్కినప్పుడు నొక్కని నాలుగోది నొక్కినట్టు తోస్తుంది. ఆర్‌పీ2040లో మనం వాడుకోగల పిన్‌లు 30 ఉన్నాయి. బటన్‌కు ఒక పిన్ ఇచ్చేయవచ్చు.

చేయించడం, అతికించడం, ప్రాణం పోయడం

మన ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో రాగి పలక మీద నమూనా అచ్చు వేసి ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచి బోర్డు చేయడం చాలామందికి అనుభవమే. ఈ కన్సోల్‌కు ఆ పద్ధతి సరిపోదు. ఆర్‌పీ2040 ఏడు మిల్లీమీటర్ల చదరం. చుట్టూ 56 పిన్‌లు 0.4 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటాయి, పై పొరనూ కింది పొరనూ కలిపే సన్నని రంధ్రాలకు లోపల రాగి పూత కావాలి. కనుక కైక్యాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి, గెర్బర్ ఫైళ్లుగా (ఫ్యాక్టరీ చదవగల పొరల బొమ్మలుగా) మార్చి బోర్డు ఫ్యాక్టరీకి పంపుతాము. 1992లో ఫ్రాన్స్‌లో జాన్-పియేర్ షరాస్ మొదలుపెట్టిన కైక్యాడ్‌కు తరువాతి కాలంలో సెర్న్ పరిశోధనశాల కూడా చేయూత ఇచ్చింది. ఈ రోజు ఇంటి తయారీదారులకు అదే పెద్ద ఆసరా. హైదరాబాద్‌లో ఉన్నవారికి చిన్న విడిభాగాల కోసం కోఠి గుజరాతీ గల్లీ, పరికరాల కోసం 2023లో రాయదుర్గంలో ప్రారంభమైన, నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ కేంద్రం అందుబాటులో ఉన్నాయి.

చిప్ అతికించడం చూడటానికి భయంగా ఉంటుంది కానీ ద్రవించిన సోల్డరే సగం పని చేస్తుంది. కోసిన స్టీలు రేకు మీదుగా సోల్డర్ పేస్టును పలచగా పూసి, చిప్‌ను పట్టకారుతో సుమారుగా దాని చోట ఉంచి, వేడి పలక మీద పెడితే, సీసం ఉన్న పేస్టు 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బూడిద రంగు ముద్దగా ఉన్న పేస్టు ఒక్కసారిగా వెండిలా మెరిసే క్షణంలో, కాస్త వంకరగా పెట్టిన చిప్ తనంతట తాను జరిగి సరైన చోట కూర్చుంటుంది. కరిగిన లోహపు తలతన్యత దాన్ని లాగుతుంది. చిప్ కింద మధ్యలో ఉన్న పెద్ద గ్రౌండ్ చదరానికి పేస్టు ఎక్కువైతే మాత్రం చిప్ దాని మీద తేలిపోయి అంచుల్లోని పిన్‌లు అంటుకోవు.

ఆ వెంటనే బ్యాటరీ తగిలించకూడదు. మొదట మల్టీమీటర్‌తో 3.3 వోల్టుల గీతకూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ లేదని చూసుకోవాలి. తరువాత కరెంటు పరిమితిని వంద మిల్లీఆంపియర్లకు పెట్టిన పవర్ సప్లైతో ఇచ్చి, 3.3 సరిగ్గా వస్తున్నదా చూడాలి. అప్పుడు యూఎస్‌బీ. ఫ్లాష్ ఖాళీగా ఉన్న ఆర్‌పీ2040 తన లోపల చెరపడానికి వీలులేని రోమ్ మెమరీలో ఉన్న బూట్ కోడ్‌తో లేచి, కంప్యూటర్‌లో ఆర్‌పీఐ-ఆర్‌పీ2 అనే పెన్‌డ్రైవ్‌లా ప్రత్యక్షమవుతుంది. ఆ పేరు తెర మీద కనబడితే విద్యుత్తు, క్రిస్టల్, యూఎస్‌బీ గీతలు, వాటికి సంబంధించిన చిప్ పిన్‌ల సోల్డరింగ్ అన్నీ ఒక్క దెబ్బకు పరీక్ష నెగ్గినట్టే. ఫ్లాష్ మాత్రం ఇంకా పరీక్షకు రాలేదని గుర్తుంచుకోవాలి.

రొద ఎక్కడిది?

ఇప్పుడు మొదట చెప్పిన రొద దగ్గరికి వద్దాం. తెర వెనుక దీపాన్ని మసకబార్చడానికి దాన్ని సెకనుకు వేయి సార్లు వెలిగించి ఆర్పుతున్నాను. పూర్తి వెలుతురులో ఆర్పడం ఉండదు కనుక అప్పుడు రొద ఉండదు. వేయి హెర్ట్జ్ మన చెవికి బాగా వినబడే స్వరం. అంటే దీపం కరెంటు ఎక్కడో శబ్దపు సర్క్యూట్‌ను తాకుతున్నది. పటంలో రెండింటికీ ఉన్న ఉమ్మడి వస్తువు ఒక్కటే, గ్రౌండ్ గుర్తు.

పటంలో గ్రౌండ్ అనేది ఒక గుర్తు. ఎక్కడ గీసినా అది ఒకే చోటు, దానికి పొడవు లేదు, నిరోధం లేదు. బోర్డు మీద గ్రౌండ్ ఒక రాగి పొర, దాని మీద కరెంటు నిజంగా ప్రయాణం చేయాలి. సిగ్నల్ వేగం ఎక్కువైన కొద్దీ తిరిగి వచ్చే కరెంటు, వెళ్లిన గీతకు సరిగ్గా కిందనే, ఆ గీత నీడలా రావాలని చూస్తుంది. నెమ్మది కరెంటు తక్కువ నిరోధం ఉన్న దారి చూసుకుని పరుచుకుంటుంది. రెండింటికీ కావలసింది తెగని పొర.

నా బోర్డు కింది పొర తెగింది. ఎడమ వైపు దిశల మీట నుంచి కుడి వైపు ఉన్న చిప్‌కు బటన్ గీతలు తీసుకువెళ్లడానికి పై పొరలో చోటు చాలక, వాటిని కింది పొరలో అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పక్కపక్కనే గీశాను. గ్రౌండ్ పొర పైభాగం, కిందిభాగం అని రెండు ముక్కలై, ఎడమ అంచున ఉన్న 0.3 మిల్లీమీటర్ల వెడల్పు రాగి పట్టీతో మాత్రమే కలిసి ఉంది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి కలిసే ఉన్నాయి కనుక తప్పు చూపలేదు. తెర పైన, బ్యాటరీ కింద. దీపం కరెంటు అంతా బ్యాటరీకి తిరిగి రావడానికి ఆ సన్నని పట్టీ గుండానే నడవాలి. స్పీకర్ ఆంప్లిఫయర్ గ్రౌండ్‌ను నేను ఆ పట్టీ కింది చివర కలిపాను, దానికి శబ్దం పంపే చిప్ గ్రౌండ్ పై ముక్కలో ఉంది.

లెక్క చూస్తే అంతా తేటపడింది. సాధారణ 35 మైక్రాన్ల రాగి పొరలో పొడవు, వెడల్పు సమానంగా ఉన్న ప్రతి చదరానికి నిరోధం దాదాపు అర మిల్లీఓమ్. 40 మిల్లీమీటర్ల పొడవు, 0.3 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీలో 133 చదరాలు పడతాయి, అంటే దాదాపు 67 మిల్లీఓమ్‌లు. దీపం తీసుకునే 60 మిల్లీఆంపియర్లు అందులో వెళితే 4 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. చిప్ తన గ్రౌండ్‌తో పోల్చి శబ్దాన్ని పంపుతుంది, ఆంప్లిఫయర్ తన గ్రౌండ్‌తో పోల్చి వింటుంది. ఆ రెండు గ్రౌండ్‌లూ సెకనుకు వేయి సార్లు 4 మిల్లీవోల్టుల మేర ఊగుతుంటే ఆంప్లిఫయర్‌కు అదీ శబ్దమే. దాన్ని 15 రెట్లు పెంచి, 60 మిల్లీవోల్టులుగా స్పీకర్‌కు ఇచ్చింది. ముఖానికి జానెడు దూరంలో పట్టుకునే పరికరంలో అది స్పష్టంగా వినబడుతుంది.

నమ్మకం కుదరడానికి ఒక మందపాటి రాగి తీగను తెచ్చి, కింది పొర మీది ఆకుపచ్చ పూతను బ్లేడుతో గీకి, తెగిన రెండు ముక్కలనూ మధ్యలో కలుపుతూ సోల్డర్ చేశాను. రొద దాదాపు పోయింది. దీపాన్ని వెలిగించి ఆర్పే వేగాన్ని కోడ్‌లో 25 కిలోహెర్ట్జ్‌కు పెంచితే తీగ లేకుండానే రొద వినబడకుండా పోయేది, ఆ పని ముందే చేసి చూశాను కూడా. కానీ అప్పుడు తెరకు బొమ్మ వెళ్లే ప్రతిసారీ, సెకనుకు 50 సార్లు, మరో గరగర మిగిలింది. పట్టీ అలాగే ఉంది కనుక చెవికి అందే దారి కూడా అలాగే ఉంది.

రెండో బోర్డులో భాగాలు ఒక్కటీ మారలేదు, సర్క్యూట్ పటంలో ఒక్క గీతా మారలేదు. చిప్‌ను ఎడమకు జరిపి బటన్ గీతలను పై పొరలోకి తెచ్చాను. ఎక్కడైనా గీతలు ఒకదాన్నొకటి దాటక తప్పకపోతే, కింది పొరలోకి దిగి అయిదారు మిల్లీమీటర్లు నడిచి వెంటనే పైకి వచ్చేలా చేశాను. ఆంప్లిఫయర్‌ను చిప్ పక్కకు తెచ్చి, దీపం కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి దాని కిందుగా పోకుండా కుడి అంచుకు మళ్లించాను. పార్సెల్ వచ్చిన రాత్రి దీపాన్ని కావాలనే మళ్లీ వేయి హెర్ట్జ్ మీద పెట్టి, వెలుతురును ఒక్కొక్క మెట్టు తగ్గిస్తూ స్పీకర్‌కు చెవి ఆనించి విన్నాను. చివరి మెట్టు దాకా ఏ శబ్దమూ లేదు.